మా రోజుల్లో ఏటి గట్టుకు టికెట్టు లేదు

ఏటి గట్టు మీద నడవాలంటే ఇప్పుడు ముందుగా పేరు నమోదు చేయించుకోవాలట. ఫోన్లో ఫారం నింపాలి. గుండె జబ్బు ఉందా, బీపీ ఉందా, ఏమన్నా అయితే ఎవరికి కబురు చెయ్యాలి అని అందులో అడుగుతారు. డబ్బు కట్టినవాళ్ళకు ఒక టోపీ, ఒక నీళ్ళ సీసా, ఆకుపచ్చ టీషర్టు. టీషర్టు వీపు మీద పాలపిట్ట బొమ్మ. దీన్ని నేచర్ వాక్ అంటున్నారు. మా రోజుల్లో దీన్నే చెంబు పట్టుకొని పోవడం అనేవాళ్ళం.

నవ్వితే నవ్వండి గానీ, నా ఈడువాళ్ళకు పిట్టల గురించి తెలిసిన దాంట్లో సగం అలా తెల్లారకముందు ఏటి ఒడ్డుకు పోయినప్పుడు తెలిసిందే. ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చింది. మంచిదే, ఆడవాళ్ళ కష్టం తీరింది. దాంతోపాటే ఊరంతా రోజుకొకసారి ఏటి ముఖం చూసే అలవాటు కూడా పోయింది. ఇవాళ మా ఊళ్ళో పదేళ్ళ పిల్లవాడికి తుంగభద్రలో నీళ్ళు పారుతున్నాయో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఫొటో పెట్టాలి.

మాది రాజోలి. తుంగభద్ర ఎడమ గట్టున కోట, కోట చుట్టూ ఊరు, ఊరి నిండా మగ్గాలు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నేలను నడిగడ్డ అంటారు. నా చిన్నప్పటికి మేం కొత్తగా మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాం. 1956కు ముందు రాయచూరు జిల్లా. 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా. జిల్లాలు మారాయి గానీ ఏరు మారలేదు అని రాద్దామనుకున్నాను. రాయలేను. అన్నిటికంటే ఎక్కువ మారింది ఏరే.

పోయిన చలికాలం పట్నం నుంచి ఒక బృందం వచ్చింది. ఏ సంఘమో పేరు చెప్పను. చెప్తే వాళ్ళొక్కళ్ళే నొచ్చుకుంటారు. చెప్పకపోతే అన్ని సంఘాలవాళ్ళూ కాస్త కాస్త నొచ్చుకుంటారు, అదే న్యాయం. సుంకేసుల బ్యారేజీ వెనక నిలిచిన నీళ్ళలో వలస బాతులను చూడాలని వచ్చారు. బస్సు దిగేసరికి ఎండ భుజాల మీదికి ఎక్కింది. దిగాక ఉప్మా తిన్నారు. తిన్నాక వరసగా నిలబడి ఫొటో దిగారు. అప్పుడు మొదలైంది నడక.

నెత్తి మీద రెండు నల్ల పట్టీలుండే ఆ బాతులు మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీదుగా వస్తాయి. అంత దూరం వచ్చినవి బస్సు కోసం కాచుకొని కూర్చోవు. రాత్రి పూట చేలల్లో మేసి, పొద్దు పొడిచేసరికి నీళ్ళ నడుమకు చేరి, తల రెక్కలో దోపుకొని కునుకు తీస్తాయి. ఈ ముక్క అక్కడే గట్టు మీద వల బాగుచేసుకుంటున్న బెస్త ఆయనకు తెలుసు. ఏ చేలో దిగుతున్నాయో, ఎన్నింటికి లేస్తున్నాయో కూడా తెలుసు. ఆయన్ని ఒక్కరూ అడగలేదు. ఆయన ఫొటో మాత్రం తీసుకున్నారు. వల, పుట్టి, తలపాగా, అన్నీ బాగా పడ్డాయట.

నేను ఉండబట్టలేక ఆయనతో రెండు మాటలు మాట్లాడుతుంటే నడిపించే పిల్ల వెనక్కి తిరిగి, "అంకుల్, సైలెన్స్ ప్లీజ్" అంది. తాతా అంటే దాని సొమ్మేం పోయింది? మా ఏటి గట్టు మీద నన్ను నోరు మూసుకోమని ఇంగ్లీషులో చెప్పించుకోవడం ఈ జన్మకు రాసిపెట్టి ఉంది కాబోలు.

ఇంకొక పిల్ల ఫోను గాల్లోకి ఎత్తి పట్టుకుంది. పిట్ట కూసింది, ఫోను దాని పేరు చెప్పింది. పిల్ల పేరు చూసుకుంది, సంతోషించింది, ముందుకు పోయింది. తల ఎత్తి చెట్టు మీదికి చూడనే లేదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన మెర్లిన్ అనే యాప్ అది. గొప్ప పనితనం, కాదనను. కానీ కూత విని పేరు చెప్పడం చదువుకు మొదటి మెట్టు. ఆ పిట్ట ఎందుకు కూస్తోంది, ఎవరిని చూసి కూస్తోంది, నిన్న ఈ వేళకు కూసిందా అన్నది అసలు పాఠం. ఆ పాఠం చెప్పే పంతులు గట్టు మీద వల కుట్టుకుంటూ కూర్చున్నాడు.

మమ్మల్ని నడిపించినవాళ్ళెవరో చెప్తాను. ఒకాయన్ని ఊరంతా పుట్టి మామ అనేది. వెదురుబద్దలతో అల్లిన గుండ్రటి పుట్టి ఆయనది. నీళ్ళు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడే కాలంలో మాలాంటి పిల్లల్ని ఎక్కించుకొని అవతలి తిన్నెకు తీసుకుపోయేవాడు. వల లాగేటప్పుడు చేతిసాయానికి పిల్లలు కావాలి కనక, చదువు చెప్పాలని కాదు. తిన్నె మీద దిగగానే ఒకటే హెచ్చరిక: "కాలు ఈడ్చొద్దు. ఎత్తి వెయ్యి. వేసేముందు చూడు."

ఎందుకంటే మాఘం దాటిన తర్వాత ఆ ఇసుకే పురిటిల్లు. నల్ల నెత్తి, పసుపు ముక్కు, చీలిన తోక ఉన్న తెల్లటి ఏటి పిట్టలు ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గూడు ఉండదు, పుల్ల ఉండదు. గుడ్డు ఇసుక రంగులో, మచ్చలతో ఉంటుంది; అడుగు దూరంలో ఉన్నా కనపడదు. నడి ఎండలో ఆ ఇసుక మీద మన పాదం నిలవదు. మరి గుడ్డు ఉడికిపోదా? తల్లి పిట్ట ఏటి మీదికి ఎగిరి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. పూటకు ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. తీతువు కూడా అంతే. పుట్టి మామ మమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టి ఇదంతా చూపించాడు. ఒక గంట. ఒక పిట్ట. పట్నం బృందం అదే గంటలో నలభై చిల్లర పేర్లు రాసుకుంది.

రెండో పంతులు గొర్రెలు మేపే కురువ పెద్దాయన. తీతువు పిచ్చిగా అరుస్తూ మన ముందు ముందుకే ఎగురుతుంటే గుడ్లు అటు లేవు, వెనక ఉన్నాయని ఆయనే చెప్పాడు. కౌజు పిట్టలు గుంపుగా ఒక్కసారి లేస్తే నక్కనో మనిషినో చూసుకోమన్నాడు. ఆయనకు నోట్సు లేదు, బైనాక్యులర్ లేదు. గొర్రె తప్పిపోతే రాత్రి ఇంట్లో మాట పడాలన్న భయం ఉంది. చూపు పదునెక్కడానికి అంతకంటే ఏం కావాలి?

మూడో బడి మా ఇల్లు. మా నాయన మగ్గం గుంతలో కూర్చొని గద్వాల చీర అంచు మీద నెమళ్ళు, హంసలు దించేవాడు. చీర ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ కలిపి నేయడంలోనే ఉంది పనితనమంతా. 2010లో ఆ చీరకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "నాయనా, హంసను చూసినావా?" అని అడిగితే, "చూడలేదు కనకే ఎట్లా నేసినా చెల్లుతుంది. పాలపిట్టను నెయ్యమను, ఊళ్ళో ప్రతివాడూ తప్పు పడతాడు" అనేవాడు. ఎదురుగా చూసే పిట్టకు ఊరంతా పరీక్షాధికారే. అదీ మా రోజుల్లో లెక్క.

మరి సంఘం లేదా అంటారా? ఉంది. పేరు లేదు, రసీదు పుస్తకం లేదు, అధ్యక్షుడు అసలే లేడు. పొద్దు గుంకాక కోట గుమ్మం దగ్గర అరుగు మీద సమావేశం. తీతువు ఈ ఏడు గుడ్లు మెరకన పెట్టిందా, పల్లాన పెట్టిందా అన్నది అజెండా. మెరకన పెడితే వానలు దండిగా పడతాయని ఒకరు, పోయినేడు అట్లే అని విత్తనం పోగొట్టుకున్నామని ఇంకొకరు. తిట్టుకునేవాళ్ళు కూడా. తీతువుకు వానల సంగతి తెలుసో లేదో గానీ, ఆ వాదం తెగాలంటే పదిమంది పోయి పది చోట్ల గూళ్ళు చూసి రావాలి. చూసి వచ్చేవాళ్ళు. ఇవాళ సంఘాల సమావేశం ఏసీ గదిలో, తెర మీద బొమ్మలతో, ఇంగ్లీషులో నడుస్తుంది. అందులో ఎవరూ ఎవరినీ తిట్టరు. కనక మర్నాడు ఎవరూ పోయి చూసి రారు.

ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం కూడా ఉండేది. దసరా. పొద్దు వాలే వేళకు ఊరు ఊరంతా జమ్మి చెట్టు దగ్గరికి కదిలేది. జమ్మి ఆకు తీసుకున్నాక పాలపిట్టను చూసి గానీ ఇంటికి పోకూడదు. ముసలాళ్ళు, చంకన పిల్లలతో ఆడవాళ్ళు, కొత్త అల్లుళ్ళు, అందరూ చేల గట్ల మీద మెడలెత్తుకొని నడిచేవాళ్ళు. పాలపిట్ట కూర్చున్నప్పుడు మట్టిరంగు; ఎగిరితేనే ఆ నీలం కనపడుతుంది. కనక తొందరపడేవాడికి దొరకదు. ఏ తుమ్మ కొమ్మన, ఏ తాటి మోడు మీద కూర్చుంటుందో ముందురోజే పిల్లలు చూసి పెట్టుకునేవాళ్ళు. ఊరికి ఊరు ఒక పిట్ట కోసం పొలాల్లోకి నడవడం కంటే పెద్ద నేచర్ వాక్ ఏ దేశంలో ఉందో చెప్పండి.

2014లో తెలంగాణ వచ్చాక పాలపిట్టను రాష్ట్ర పక్షి అన్నారు, జమ్మిని రాష్ట్ర వృక్షం అన్నారు. ఆ రెంటినీ కలిపి మేం ఎప్పుడో ఎన్నుకున్నాం. ఇప్పుడేమైంది? దసరా పూట పట్నాల్లో పంజరంలో పెట్టిన పాలపిట్టను గుడి ముందు చూపించి డబ్బులు అడిగేవాళ్ళు తయారయ్యారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ శాఖవాళ్ళు చెప్పీ చెప్పీ అలసిపోతున్నారు. మా ఊరి కుర్రాళ్ళు అంత పాపానికి పోరు. పొద్దున్నే ఫోన్లో పాలపిట్ట బొమ్మ పంపించి "దర్శనం అయిపోయింది మామా" అంటారు. బొమ్మ చూస్తే పుణ్యం వస్తుందంటే బొమ్మ పాయసం తాగి కడుపు నింపుకోమనండి.

బయటివాళ్ళు రావడం మీద నాకు కోపం లేదు. మంచివాళ్ళు వచ్చిన కాలం ఉంది. నిజాం రాజ్యంలో 1931, 32ల్లో సలీం అలీ పక్షుల సర్వే చేశారు. జీతం వద్దు, దారి ఖర్చులూ గుడారం ఖర్చులూ ఇస్తే చాలన్నారు. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల మీది మన్ననూరు, ఫరహాబాద్ దాకా పోయి చెంచుల ఇలాకాలో మకాం వేశారు. ఆ సర్వే బొంబాయి సంఘం పత్రికలో అచ్చయింది. ఆ సంఘం, అదే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, 1883లో ఎనిమిది మంది కలిసి పెట్టుకున్నది. గుర్తుంచుకోండి, ఎనిమిది మంది.

తర్వాత 1980లో హైదరాబాదులో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అంటున్నారు. వాళ్ళ చిన్న పత్రిక పేరు పిట్ట. పేరు విన్నప్పుడే ముచ్చటేసింది నాకు. నెలకొకసారి బయటికి పోయి చూడటం, నెలకొకసారి కూర్చొని మాట్లాడుకోవడం వాళ్ళ పద్ధతి. హైదరాబాదు చుట్టూ చెరువులకు అది సరిపోయింది, ఎందుకంటే ఆ చెరువులు వాళ్ళవి. మళ్ళీ మళ్ళీ పోయారు. నా గొణుగుడంతా రాజోలికి ఒకసారి వచ్చి, పేర్లు ఏరుకొని, మళ్ళీ రానివాళ్ళ మీదే.

ఏటి అవతల నందికొట్కూరు దాటి పోతే రోళ్ళపాడు వస్తుంది. అక్కడి గడ్డి బీళ్ళలో బట్టమేక పిట్టలుండేవి. మనిషి నడుము దాటే ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువు తూగే పిట్ట. 1980లలో బొంబాయి సంఘం శాస్త్రవేత్తలు అక్కడే ఉండి ఏళ్ళ తరబడి చూశారు. 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. కాపలా పెరిగేసరికి కృష్ణ జింకలు పెరిగాయి, జింకలు చేలల్లో పడ్డాయి, రైతుకు పిట్ట మీదే కోపం వచ్చింది. చుట్టుపక్కల మెట్ట నేలలకు నీళ్ళొచ్చి పైర్లు మారాయి. బట్టమేక అక్కడ కరువైంది. ఇవాళ దేశం మొత్తం మీద అవి నూటయాభై అటూ ఇటూ ఉంటాయంటారు. అభయారణ్యం అని బోర్డు పెట్టినంత మాత్రాన పిట్ట నిలవదు. పక్క చేను రైతు దాన్ని తనదనుకోవాలి. ఆ రైతును నడకకు పిలిచిన సంఘం ఏదీ?

ఊరివాడిని పిలిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి కడప జిల్లా కథ ఉంది. కలివికోడి 1848లో జెర్డాన్ దొర లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. పోయిందనే అనుకున్నారు. 1985లో బొంబాయి సంఘం తరఫున భరత్ భూషణ్ అనే యువకుడు బొమ్మ పట్టుకొని ఊరూరా తిరిగి, పిట్టలు పట్టేవాళ్ళను, గొర్రెల కాపరులను అడిగాడు. ఇది రాత్రిపూట తిరిగే పిట్ట, మీరు పగలు వెతికితే ఎట్లా అన్నారు తెలిసినవాళ్ళు. 1986 జనవరిలో ఐతన్న అనే ఊరి మనిషి రాత్రి వెలుతురు వేసి దాన్ని పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ళుగా పుస్తకాలు పోయిందన్న పిట్ట అది. కబురు తెలిసి, తొంభై దగ్గరపడుతున్న సలీం అలీ కూడా పరుగున వచ్చారు. ఐతన్నను ఎవరూ "సైలెన్స్ ప్లీజ్" అనలేదు.

ఇంతవరకూ మా రోజులు గొప్పవని చెప్పాను. ఇప్పుడు మా రోజుల్లో లేని దాని గురించి చెప్పాలి. దాన్ని దాస్తే గొణుగుడు ఒట్టి గొణుగుడే అవుతుంది.

ఆ బృందంతో వచ్చిన ఒక చిన్న పిల్లవాడు నా పక్కన నడుస్తూ అడిగాడు: "తాతా, ఇక్కడ రాబందులు ఉంటాయా?" వాడు తాతా అన్నాడు కనక సమాధానం చెప్పాలనిపించింది. ఉండేవిరా అన్నాను. ఎద్దో బర్రెనో చస్తే ఊరి బయట పడేసేవాళ్ళం. మధ్యాహ్నానికల్లా ఎక్కడెక్కడివో దిగేవి. సాయంత్రానికి ఎముకలు మిగిలేవి. "ఎప్పుడు పోయాయి?" అన్నాడు.

నాకు తెలియలేదు. మర్నాడు టీ బంకు దగ్గర అడిగాను. ఒకాయన 2009 వరదకు ముందే పోయాయన్నాడు. మా ఊళ్ళో ఏ సంగతైనా వరదకు ముందు, వరదకు తర్వాత అనే చెప్తాం. ఆ అక్టోబరులో తుంగభద్ర ఇళ్ళనూ మగ్గాలనూ ఊడ్చుకుపోయింది మరి. ఇంకొకాయన 2008 పుష్కరాలప్పుడు చూశానన్నాడు. అవి గద్దలురా అని పక్కనున్నాయన కొట్టిపారేశాడు. ఒక ముసలాయన ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే తగ్గాయన్నాడు. ఆకాశంలో అంత పెద్ద పిట్ట, పశువు చస్తే ఊరికి అంత సాయం చేసిన పిట్ట, మా అందరి కళ్ళ ముందే మాయమైంది. ఏ ఏడు పోయిందో రాజోలిలో ఒక్క కాగితం మీదా లేదు.

భరత్‌పూర్‌లో ఉంది. రాజస్థాన్‌లోని ఆ పక్షుల కేంద్రంలో విభు ప్రకాష్ అనే శాస్త్రవేత్త 1980లలో రాబందులను లెక్కపెట్టి రాసిపెట్టుకున్నారు. పదేళ్ళ తర్వాత అదే చోటికి పోయి మళ్ళీ లెక్కపెడితే గుండె జారింది. అప్పటికి గానీ దేశానికి తెలియలేదు. వెతగ్గా వెతగ్గా కారణం 2004కు తేలింది. పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు. ఆ మందు పడ్డ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై రోజుల్లో చస్తుంది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అప్పటికే ముఖ్యమైన రాబందు జాతుల్లో వందకు తొంభై ఐదుకు పైగా పోయాయి. ఇంతకూ ఆ ఆచూకీ దొరికింది దేంతో? ఒకే మనిషి, ఒకే చోటు, రెండుసార్లు నడిచి, రెండుసార్లు రాయడంతో.

పుట్టి మామ ఇరవైసార్లు నడిచాడు, ఒక్కసారీ రాయలేదు. పట్నం పిల్లలు ఒక్కసారి నడిచి నలభై రాశారు. వీళ్ళిద్దరినీ ఒక గట్టు మీద కూర్చోబెట్టినవాడు ఇంకా పుట్టలేదు.

రాతలకు విలువ లేదనే మొండివాడిని కాను. 2023లో స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ అని ఒక నివేదిక వచ్చింది. దేశమంతటా ముప్పైవేల మంది పక్షి ప్రియులు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టిన జాబితాలు, మూడు కోట్ల చూపులు కలిపి, 942 జాతుల స్థితి చెప్పారు. మన పాలపిట్ట తగ్గిపోతోందని అందులోనే తేలింది. దాని స్థితిని ప్రపంచ స్థాయిలో మళ్ళీ చూడాలని అడిగారు కూడా. మేం ఏటేటా దసరాకు చూస్తూనే ఉన్నాం. ఒకప్పుడు ఊరవతల తుమ్మ చెట్టు మీదే దొరికేది, తర్వాత చాలా దూరం నడవాల్సి వచ్చేది. ఆ దూరాన్ని ఎవరన్నా ఏటేటా రాసి ఉంటే ఆ నివేదికలో రాజోలిది ఒక వరస ఉండేది.

పాలపిట్ట ఎందుకు తగ్గిందో చెప్పడానికి నివేదిక కూడా అక్కర్లేదు. అది నేల మీది మిడతల్నీ పురుగుల్నీ తిని బతుకుతుంది, చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. మా నడిగడ్డ ఇప్పుడు విత్తన పత్తికి పేరు. విత్తన పత్తి అంటే పువ్వు పువ్వునూ చేత్తో సంకరం చేసే సేద్యం. అంత పెట్టుబడి పెట్టినవాడు పురుగును బతకనివ్వడు, మందు మీద మందు కొడతాడు. గట్ల మీది చెట్లు నీడ పడుతుందని పోయాయి. ఏట్లో ఇసుక తిన్నెల మీదికి ట్రాక్టర్లు దిగాయి. గుడ్లు పెట్టే నెలలూ ఇసుక తోలే నెలలూ ఒకటే. తెల్లటి ఏటి పిట్టను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ 2020లో ముప్పున్న జాతుల్లో చేర్చింది. కాలు ఎత్తి వెయ్యమని ట్రాక్టరు చక్రానికి చెప్పే పుట్టి మామ లేడు.

మా మండలంలోనే పెద్ద ధన్వాడ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2025లో జనం రోడ్డెక్కారు. నీళ్ళు, గాలి, పొలాలు ఏమవుతాయో చెప్పమని అడిగారు. ఎవరిది ఒప్పో తేల్చడానికి నేను తాసీల్దారును కాను. ఒకటి మాత్రం చెప్పగలను. ఇలాంటి గొడవ వచ్చినప్పుడు, ఇక్కడ ఏమేమి బతుకుతున్నాయో రాసి చూపించమని ఎవరన్నా అడిగితే మా చేతిలో ఏముంది? అరుగు మీది తగాదాలు, టీ బంకు దగ్గరి జ్ఞాపకాలు. పట్నం సంఘం కంప్యూటర్లో ఒక ఆదివారం జాబితా. ఒక్క ఆదివారంతో ఏటికి సాక్ష్యం చెప్పలేం.

కనక నేను చెప్పేది ఇది. వచ్చిపోయే నడకలు చాలు, ఊళ్ళో ఉండే నడక కావాలి. రాజోలికి ఒక ప్రకృతి సంఘం కావాలి. బొంబాయివాళ్ళు ఎనిమిది మందితో మొదలుపెట్టారు. మాకు ఐదుగురు చాలు. ఒక బెస్త, ఒక గొర్రెల కాపరి, ఒక బడిపంతులు, ఫోను తెలిసిన ఇద్దరు పిల్లలు. అధ్యక్షుడు వద్దు. శాలువాలు అసలే వద్దు. మా ఊళ్ళో సంఘం పెట్టగానే మొదట వచ్చేది శాలువా, రెండోది తగాదా.

నడిచే దారి ఎప్పుడూ ఒకటే. కోట రేవు దగ్గర మొదలు, గట్టు వెంట పాత జమ్మి దాకా. నెలకొకసారి, వానాకాలమైనా ఎండాకాలమైనా అదే దారి. బట్టమేక కనపడుతుందని ఎవరూ రావద్దు. గోరింకలు, కొంగలు, లకుముకి పిట్టలు, తీతువులు కనపడతాయి. అవే ఎన్ని ఉన్నాయో, పోయిన నెల కంటే ఎక్కువో తక్కువో చూడటమే పని.

నడిపించేది ఏటి మనిషి. ఆయనకు ఆ పూట కూలి ఇవ్వాలి. టీషర్టులకు పెట్టే డబ్బు అటు మళ్ళిస్తే సరి. ఆయన చెప్పిన పేరు ముందు రాయాలి, పుస్తకంలోని పేరు పక్కన రాయాలి, ఫోను చెప్పిన పేరు చివర రాయాలి. మూడూ కలవకపోతే మూడూ ఉంచాలి, వచ్చే నెల పోయి చూసుకోవాలి. తెలుగులో మాట్లాడాలి. ఇంగ్లీషు పిట్టలకు రాదు.

రాసేవాళ్ళు రెండు పట్టీలు రాయాలి. ఇవాళ కనపడినవి ఒక పట్టీ. ఒకప్పుడు ఇక్కడ ఉండి ఇవాళ కనపడనివి రెండో పట్టీ. పట్నం సంఘాలు మొదటిది రాస్తున్నాయి. రెండోది రాయగలిగినవాళ్ళు మా ఈడు ముసలాళ్ళే, మేమూ వరసలోనే ఉన్నాం. ఆలస్యం చేస్తే ఆ పట్టీ మాతోపాటు పోతుంది. రెండో పట్టీలో మొదటి పేరు నేనే రాయిస్తాను: రాబందు. ఏడాది దగ్గర ఖాళీ వదిలేయండి. టీ బంకు దగ్గరి ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, వరదకు ముందో తర్వాతో తేలేదాకా లేవనివ్వను.

పట్నంవాళ్ళూ రావచ్చు. వస్తే పన్నెండు నెలలూ రావాలి. చలికాలం ఒక్క ఆదివారం వచ్చేవాళ్ళకు ఉప్మా బస్సులోనే. పిల్లవాడు అడిగినట్టు ప్రశ్నలు అడగొచ్చు, కానీ అడిగినవాడే మర్నాడు పోయి జవాబు వెతకాలి. ఎవరికీ గుండె జబ్బు ఫారం లేదు. గట్టు మీద పడితే మోసుకొచ్చేది మా ఊరివాళ్ళే.

పొద్దున ఐదున్నరకు అంటే ఐదున్నరకే. ఆలస్యమైనవాళ్ళు వెనకనుంచి కేకలు వెయ్యకుండా నడిచి కలవాలి. ఇంకొకటి: నన్ను అంకుల్ అన్నవాళ్ళకు మొదటి నెల రాత పని లేదు, పుట్టి తుడవడమే.